సీలర్ కొట్టిన పేవర్ వాకిలి మీద తెల్లపొర: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు పడి నెల దాటిందంటే నా ఫోన్‌కు ఒకే రకం ఫొటోలు మొదలవుతాయి. గేటు నుంచి మెట్ల దాకా పరిచిన ఎర్ర పేవర్లు, వాటి మీద పలచగా మజ్జిగ ఒలికినట్టు తెలుపు. కింద ఒక మెసేజ్: "అన్నా, కోటింగ్ కొట్టించి నాలుగు నెలలు కాలేదు, ఇదేంది?" హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇళ్ల ముందు పేవర్లు పరవడం, వాటి మీద సీలర్ (మెరుపు కోసం, నీళ్లు ఇంకకుండా పూసే కోటింగ్) కొట్టడం నా పని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదంతా ఇక్కడ రాసి పెట్టాను. మొదటి రెండు ప్రశ్నలు చదవకుండా మందు దగ్గరికి దూకకండి. చూడటానికి తెలుపు ఒకటే గానీ జబ్బులు నాలుగైదు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఉన్న పేవర్ కూడా పాడవుతుంది.

అసలు ఈ తెలుపు ఏంటి?

ముందు అది ఎక్కడుందో తెలియాలి. సీలర్ పైన ఉందా, సీలర్ పొరలోనే ఉందా, సీలర్ కింద పేవర్ మీద ఉందా? మిగతా కథంతా ఈ మూడు చోట్ల చుట్టూనే తిరుగుతుంది.

కింద ఉండేది ఎక్కువగా సున్నం. పేవర్ అంటే సిమెంట్, కంకర, రోబో సాండ్. సిమెంట్ నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. మనం గోడలకు వేసే తడి సున్నం కూడా ఇదే. పేవర్ లోపలి సన్నటి రంధ్రాల్లో నీళ్లు చేరితే ఇది కరిగి, నీళ్లతో పాటు పైకి వస్తుంది. నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం మిగులుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. ఆ తర్వాత ఉత్త నీళ్లకు కరగదు. కొత్త ఇంటి ఇటుక గోడ మీద మొదటి వానాకాలం తర్వాత ఉప్పు పేలినట్టు కనిపిస్తుందే, దానికి దగ్గరి చుట్టం.

పొరలో ఉండేది సున్నం కాదు, ఇరుక్కున్న తడి లేదా గాలి. నీళ్లకు రంగు లేదు, సబ్బు నురగ మాత్రం తెల్లగా ఉంటుంది కదా. సన్నటి బుడగల్లో వెలుతురు అటూ ఇటూ చెదిరిపోతే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. సీలర్ అడుగున ఆవిరి చిక్కుకున్నా, మందంగా పోసిన కోటులో బుడగలు మిగిలినా, పొర పేవర్‌ను వదిలేసి మధ్యలో గాలి చేరినా జరిగేది ఇదే.

ఇక పైన ఉండేది బోరు నీళ్ల చార, మట్టి, ముగ్గు. అన్నిట్లోకీ తేలికైన కేసు.

నాది ఏ రకమో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

గంట పని. చేటంత జాగా ఒకటి ఎంచుకోండి, గేటు దగ్గర కాకుండా మూలకు.

మొదట నీళ్లు, కొబ్బరి పీచు. రుద్దితే పోయి, ఆరాక కూడా తిరిగి రాకపోతే అది దుమ్మో ముగ్గో. అక్కడితో కథ అయిపోయింది, ఈ పేజీ మూసేయొచ్చు. నీళ్లు పోసినప్పుడు మాయమై, ఆరగానే మళ్లీ తెల్లగా లేస్తే సున్నమో నీళ్ల చారో పైన ఉన్నట్టు. అంటే అక్కడ సీలర్ అరిగిపోయి ఉండాలి, లేదా ఉప్పు సీలర్ మీదే పేరుకుని ఉండాలి. నీళ్లు పోసినా తెలుపు కొంచెం కూడా కదలకపోతే అది పొరలోనో కిందో ఉంది, నీళ్లు దాన్ని తాకడం లేదు.

ఇప్పుడు ప్యాకింగ్ టేపు. పొడి పేవర్ మీద గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. ఉల్లిపొరలాంటి పారదర్శకమైన పెచ్చులు టేపుకు వస్తే, ఆ కింద పేవర్ మామూలు రంగులో కనిపిస్తే, పొర పట్టు వదిలిందని అర్థం.

టేపుకు ఏమీ రాకపోతే అసలు పరీక్ష మిగిలింది. పెయింట్ షాపులో జైలీన్ అని అడగండి, ఎండిన సీలర్‌ను కరిగించే ద్రవం, అంటే సాల్వెంట్. టర్పెంటు, కిరోసిన్ పనికిరావు, అవి ఎండిన యాక్రిలిక్ రకం సీలర్‌ను సరిగ్గా కరిగించవు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, చేతికి గ్లవుజు వేసుకుని, తెల్లగుడ్డను జైలీన్‌లో తడిపి అరచేయంత మేర అద్దండి. సీలర్ మెత్తబడి జిగటగా అవుతుంది, తెలుపు పోతుంది. ఇక్కడే చాలామంది "పోయింది అన్నా!" అని వెంటనే ఫోన్ చేస్తారు. ఆగండి. మరుసటి రోజు చూడాలి. మరుసటి రోజు కూడా తేటగా ఉంటే తెలుపు పొరలో ఉండేది, మీ అదృష్టం. ఆరాక మళ్లీ తెల్లబడితే సున్నం కిందే కూర్చుంది. అసలు సీలర్ మెత్తబడకపోతే మీకు కొట్టింది సాల్వెంట్ యాక్రిలిక్ (సాల్వెంట్‌లో కరిగించిన యాక్రిలిక్ సీలర్) కాదు, బహుశా రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలియురేథేన్. దాని దారి వేరు, కింద రాశాను.

మా మేస్త్రి యాసిడ్ పోస్తే అంతా పోతుందంటున్నాడు. పోయించాలా?

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

బాత్రూం కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. కాల్షియం కార్బనేట్ మీద పడితే బుసబుసమని పొంగి కరిగిస్తుంది, నిజమే. కానీ మీ పేవర్ మీద సీలర్ ఉంది. సీలర్ చెక్కుచెదరకుండా ఉంటే యాసిడ్ కింది సున్నాన్ని చేరనే చేరదు. సీలర్ అక్కడక్కడ చిరిగి ఉంటే ఆ చిరుగుల్లోంచి దిగి, సున్నంతో పాటు సిమెంటును కూడా తింటుంది. సున్నానికీ సిమెంటుకూ దానికి తేడా తెలియదు. రంగు పై పొరలోనే ఉన్న పేవర్ అయితే ఎర్ర రంగు వెలిసి లోపలి కంకర బయటపడుతుంది. తెలుపు మచ్చ బదులు చిరుతపులి మచ్చలు వస్తాయి. ఆ మచ్చలు పోగొట్టే మందు నా దగ్గర లేదు, ఆ పేవర్లు తీసి కొత్తవి వేయాల్సిందే.

ఇంకో సంగతి. యాసిడ్, సున్నం కలిస్తే కాల్షియం క్లోరైడ్ తయారవుతుంది. దానికి గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. సరిగ్గా కడగకపోతే ఆ జాగా ఎప్పుడూ తడితడిగా ఉంటుంది. దాని మీద సీలర్ కొడితే మళ్లీ మొదటికి వస్తారు.

సీలర్ లేని పేవర్ మీద, లేదా సీలర్ మొత్తం తీసేశాక, సున్నం మిగిలితే అప్పుడు యాసిడ్ జాతి మందు వాడొచ్చు. నేనైతే సల్ఫామిక్ యాసిడ్ ఉన్న క్లీనర్‌కే ఓటేస్తాను, హైడ్రోక్లోరిక్ కంటే మెల్లగా పని చేస్తుంది, పొగలు రావు. నిమ్మ ఉప్పు వాడతామనేవాళ్లున్నారు. అది సున్నంతో కలిసి సరిగ్గా కరగని కాల్షియం సిట్రేట్‌ను మిగిల్చి ఇంకో తెల్లపొర పెట్టగలదు. ఏది వాడినా ముందు పేవర్‌ను నీళ్లతో తడపాలి, యాసిడ్ లోపలికి ఇంకకుండా ఉండటానికి. నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయొద్దు. డబ్బా మీది పాళ్లు పాటించాలి. ఒక పేవర్ మీద చూసుకున్నాకే మిగతా వాటి మీదికి వెళ్లాలి. అయ్యాక దండిగా నీళ్లతో కడగాలి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మన దగ్గర ఇంటి సంపు మూత చాలాసార్లు వాకిట్లోనే ఉంటుంది. యాసిడ్ గానీ జైలీన్ గానీ ముట్టుకునే ముందు ఆ మూత చుట్టూ తడి మట్టి కట్ట కట్టండి. తాగే నీళ్లు, పైలం.

మీరు వేసిన పనికి ఎప్పుడైనా ఇలా అయిందా?

అయింది, అదీ సొంత అక్క ఇంట్లో. హసన్‌పర్తి దగ్గర కొత్త ఇల్లు. పేవర్లు పరిచి మూడు వారాలు. సద్దుల బతుకమ్మకు వాకిలి మెరవాలని అక్క పట్టు. వాన రెండు రోజులుగా ఆగింది, పేవర్లు పైకి ఎండినట్టే కనిపించాయి. నిజానికి జాయింట్లలో నింపిన డస్ట్ (సన్నటి రాతి పొడి) ఇంకా ముదురు రంగులోనే ఉంది. అది నా కంటికి కనిపించింది కూడా. అయినా "ఎండకు ఆరిపోతుందిలే" అనుకున్నాను. మెరుపు బాగా రావాలని రెండు కోట్లూ మందంగా పోశాను.

మరునాడు పొద్దున అద్దంలా ఉంది. అక్క వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది. నాలుగో రోజు జాయింట్ల అంచుల వెంట తెల్లటి గీత లేచింది, చాక్‌పీస్‌తో ప్రతి పేవర్ చుట్టూ గీసినట్టు. సద్దుల నాటికి ఆ గీతలు లోపలికి పాకి పేవర్ మధ్య దాకా వచ్చాయి. బావ చూసి, "ఇగ ముగ్గు ఖర్చు తప్పింది" అన్నాడు. ఇప్పటికీ అంటాడు.

అంచుల నుంచి ఎందుకు మొదలైందంటే తడి ఎక్కువున్నది జాయింట్లలో. సీలర్ మూత పెట్టినట్టు కూర్చుంది. ఎండకు కింది తడి ఆవిరై పైకి లేవబోయి పొర కిందే ఆగిపోయింది. ఫిబ్రవరి దాకా ఆగి, అంతా ఎండాక జైలీన్‌తో సరిచేశాను. ముప్పాతిక భాగం తేటపడింది. సంపు చుట్టూ ఉన్న రెండు వరసలు మాత్రం ఆరగానే మళ్లీ తెల్లబడ్డాయి, అక్కడ సున్నం పేరుకుంది. ఆ రెండు వరసల సీలర్ మొత్తం గీకి తీయాల్సి వచ్చింది. ఒకే వాకిట్లో రెండు జబ్బులు ఉండొచ్చని అప్పుడే తెలుసుకున్నాను. అందుకే పరీక్ష ఒక్కచోట చేసి ఊరుకోకండి, తెలుపు ఎక్కువున్న చోట, తక్కువున్న చోట, నీళ్లు పారే చోట వేరువేరుగా చేయండి.

పేవర్ ఎండిందో లేదో చూపుతో తెలియదంటారు. మరెలా?

రెండు అడుగుల పాలిథిన్ ముక్క కోసి, పేవర్ల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. ముక్క కింద ఒక జాయింటైనా రావాలి. సాయంత్రం అంటించి మరుసటి రోజు మధ్యాహ్నం తీయండి. కవర్ లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే, కింద పేవర్ ముదురు రంగులోకి తిరిగి ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. సీలర్ డబ్బా మూత తీయొద్దు. పైసా ఖర్చు లేని పరీక్ష. ఆ రోజు నేను ఇది చేసి ఉంటే బావ దగ్గర మాట పడేవాణ్ని కాదు.

తెలుపు పొరలోనే ఉందని తేలింది. జైలీన్‌తో ఎలా సరిచేయాలి?

ఇది సాల్వెంట్ యాక్రిలిక్ సీలర్‌కే పని చేస్తుంది. ఆ సీలర్‌లో ఒక మంచి గుణం ఉంది: ఎండినా కూడా తన సాల్వెంట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. కరిగినప్పుడు చిక్కుకున్న తడి, బుడగలు బయటికి పోతాయి, పొర మళ్లీ సాఫుగా పరుచుకుంటుంది. అంటే కొత్త సీలర్ కొనాల్సిన పని లేదు, ఉన్నదాన్నే తిరిగి పరుస్తున్నాం.

వరసగా నాలుగైదు పొడి రోజులు చూసుకోండి. పాలిథిన్ పరీక్షలో తడి లేదని తేలాలి. వాకిలి కడిగి పూర్తిగా ఎండనివ్వాలి, ఆకులు, మట్టి ఉంటే అవీ కరిగిన సీలర్‌లో అంటుకుపోతాయి. పొద్దున ఎనిమిది తర్వాత, మంచు ఆరిపోయాక మొదలుపెట్టండి, పేవర్ మీద అరచేయి ఆనితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. ఐదారు అడుగుల చదరం ఒక్కసారికి చాలు. సాల్వెంట్‌కు కరిగిపోని రోలర్ వాడాలి, మామూలు స్పాంజి రోలర్ మధ్యలోనే ఉండలు కడుతుంది. రోలర్‌తో జైలీన్ సమంగా పరవండి, సీలర్ తడిసి నిగనిగలాడుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగి, జైలీన్ ముంచకుండా అదే రోలర్‌ను మళ్లీ ఒకసారి తిప్పండి. మందంగా పేరుకున్న చోటు నుంచి పలచగా ఉన్న చోటికి లాగినట్టు తిప్పాలి. గుంటలు కట్టనివ్వొద్దు. పక్క చదరానికి పోయేటప్పుడు అంచు ఒక జానెడు కలిసేలా చూసుకుంటే అతుకు కనిపించదు.

ఇక జాగ్రత్తలు. జైలీన్ సుమారు 27 డిగ్రీల దగ్గరే మంటపట్టే ఆవిరి వదులుతుంది. మన దగ్గర శీతాకాలం మధ్యాహ్నం కూడా ఆ వేడి ఉంటుంది. బీడీ, సిగరెట్, పొయ్యి, గ్రైండింగ్ మిషన్ ఏదీ దగ్గర ఉండొద్దు. బండి స్టార్ట్ చేయొద్దు. ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది, అందుకే సెల్లార్ పార్కింగ్‌లో ఈ పని సొంతంగా చేయకండి. గుడ్డ మాస్క్ దండగ, సాల్వెంట్ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ కావాలి. పిల్లలను, కుక్కను లోపల పెట్టి కిటికీలు మూయండి. ఒక రోజు నడవొద్దు, మూడు రోజులు బండి ఎక్కించొద్దు.

కింద సున్నం ఉందని తేలితే?

సీలర్ తీసేయడమే. దగ్గరి దారి లేదు. సీలర్ రకానికి తగిన స్ట్రిప్పర్ (పాత సీలర్‌ను మెత్తబరిచి వదిలించే మందు) పూసి, అది మెత్తబడ్డాక గీకి, కడిగి, ఎండబెట్టి, తర్వాత సున్నానికి క్లీనర్, మళ్లీ కడగడం, మళ్లీ ఎండబెట్టడం. ఇది మనుషులతో చేయించుకునే పని, ఖర్చు కూడా సీలర్ కొట్టించినదానికంటే ఎక్కువే అవుతుంది. తెలుపు రెండు మూడు వరసల్లోనే ఉంటే అంత మేరకే తీయించండి.

నీటితో కలిసే సీలర్ అయితే ఎండాక జైలీన్‌కు మెత్తబడుతుంది గానీ తిరిగి సాఫుగా పరుచుకోదు, జిడ్డుగా ముద్ద కడుతుంది. దానికీ స్ట్రిప్పరే. రెండు డబ్బాల పాలియురేథేన్ అయితే సాల్వెంట్‌కు లొంగదు, ఘాటు స్ట్రిప్పరో గ్రైండింగో చేయాలి. ఆ ఖర్చులో కొన్నిసార్లు పేవర్లు తిరగేసి పరవడం చవక. తమాషా కాదు, రెండు వైపులా ఒకేలా ఉండే మిషన్ పేవర్లకు అలా చేశాను. రబ్బరు మోల్డులో పోసిన నున్నటి పేవర్లకు కుదరదు, వాటి వెనక వైపు గరుకు.

పైన ఇంకో కోటు కొడితే తెలుపు కప్పుకుపోతుందా?

కొట్టిన గంటసేపు కప్పుకుపోతుంది. తర్వాత రెండు పొరల కింద ఉంటుంది.

ఎండాకాలం వస్తే దానంతటదే పోతుందని పక్కింటివాళ్లు అంటున్నారు.

పక్కింటివాళ్ల మాట సగం నిజం. వాన పడితే తెల్లబడి, నాలుగు రోజులు ఎండ కాస్తే మళ్లీ తేటపడే సీలర్లు ఉన్నాయి, నీటితో కలిసేవి ముఖ్యంగా. అది పొరలోకి తడి ఎక్కడం, దిగడం. మీ వాకిలి ఇలా ఊగుతూ ఉంటే ఏప్రిల్ దాకా ఓపిక పట్టండి, ఏమీ చేయకండి. కానీ సున్నం ఎండకు పోదు. పొడి పేవర్ మీద ఇంకా తెల్లగా కనిపిస్తుంది, మీకు ఎక్కువైనట్టు అనిపిస్తుంది కూడా.

కారు నిలిపే చోటే తెల్ల చారలు. మిగతా వాకిలి బాగానే ఉంది.

కారు దేంతో కడుగుతున్నారు? బోరు నీళ్లతోనే కదా. మన వైపు చాలా బోర్లలో నీళ్లు గట్టివి. ఇడ్లీ పాత్ర అడుగున, గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల గట్టే ఇక్కడ పేవర్ మీద పేరుకుంటుంది. ఎండలో కారు కడిగి నీళ్లు అలాగే వదిలేస్తే ప్రతిసారీ ఒక పలచటి పొర. ఇది సీలర్ పైన ఉంటుంది కాబట్టి బతికిపోయారు. వెనిగర్‌ను నీళ్లతో సగానికి సగం కలిపి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, వెంటనే కడిగేయండి. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. ఇకపై కారు సాయంత్రం నీడలో కడిగి, వైపర్‌తో నీళ్లు నెట్టేయండి.

అదే టైర్లు ఆగే రెండు పట్టీల్లో మాత్రమే పొర లేచి తెల్లగా ఉంటే అది నీళ్ల సంగతి కాదు. వేడెక్కిన టైరు సీలర్‌ను పట్టి లాగుతుంది. టేపు పరీక్ష చేయండి.

రోజూ ముగ్గు వేస్తాం. అదే తెలుపుగా మారిందా?

గేటు ముందు నాలుగు అడుగుల మేరే తెలుపు ఉంటే ముగ్గునే అనుమానించండి. సంక్రాంతి నెలంతా వేసి, తొక్కి, దాని మీద సాన్పు చల్లితే పొడి గరుకు పేవర్ రంధ్రాల్లో దిగిపోతుంది. బియ్యప్పిండి అయితే బ్రష్‌కు పోతుంది. రాతి పొడి అయితే మొండికేస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ముగ్గు పొడి సున్నపురాయిదైతే నిమ్మరసం చుక్క వేసినా పొంగుతుంది, దాన్ని చూసి పేవర్‌లోంచి సున్నం వచ్చిందని పొరపడతారు. కాబట్టి ముగ్గు వేయని చోట కూడా చూసి పోల్చుకోండి. సీలర్ కొట్టించే ముందు ముగ్గు జాగా రెండుసార్లు కడిగించండి, లేకపోతే పోయిన ఏటి ముగ్గు సీలర్ కింద శాశ్వతంగా ఉండిపోతుంది. అలా ఒకరి వాకిట్లో చుక్కల ముగ్గు సగం ఇప్పటికీ కనిపిస్తుంది. వాళ్లకు నచ్చి ఉంచుకున్నారు.

చవక పేవర్లకే ఇలా అవుతుందా?

మంచివాటికీ అవుతుంది, చవకవాటికి ఎక్కువ అవుతుంది. సరిగ్గా నొక్కని, సరిగ్గా క్యూరింగ్ చేయని పేవర్‌లో రంధ్రాలెక్కువ, నీళ్లకు దారులెక్కువ. పేవర్లకున్న భారత ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం తేలికపాటి బండ్లు తిరిగే చోటికి 60 మిల్లీమీటర్ల మందం, ఎం-35 గ్రేడు (కాంక్రీటు బలం) చూడాలి. కొనేటప్పుడు మందం టేపుతో కొలవండి, గ్రేడుకు టెస్ట్ రిపోర్ట్ అడగండి. పేవర్ మీద చెంచాడు నీళ్లు పోసి చూస్తే కూడా కొంత తెలుస్తుంది: ఇసుకలో పోసినట్టు గుటుక్కున తాగేస్తే ఆలోచించుకోండి.

ఫ్లై యాష్ కలిపిన పేవర్లను చూసి బూడిద కలిపి మోసం చేస్తున్నారని కొందరు వెనక్కి పంపుతారు. రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే ఈ బూడిద సిమెంటులో పుట్టే ఆ సున్నంతోనే కలిసి గట్టిపడుతుంది. పైకి రావడానికి సున్నం తక్కువ మిగులుతుంది. సరైన పాళ్లలో కలిపి బాగా నీళ్లు కట్టిన ఫ్లై యాష్ పేవర్‌కు తెలుపు తక్కువే. సున్నం లేచినంత మాత్రాన పేవర్ బలం తగ్గదు, అందం చెడుతుందంతే.

కోటింగ్ మనుషుల తప్పా, పేవర్ కంపెనీ తప్పా, మేస్త్రి తప్పా?

ముగ్గురూ మిగతా ఇద్దరినీ చూపిస్తారు. నా లెక్క ఇది: పొరలో తెలుపు అయితే సీలర్ కొట్టినవాడిది. తడి చూసుకోకుండా కొట్టాడు, లేదా మందంగా పోశాడు. డబ్బా మీద లీటరుకు 40 చదరపు అడుగులు అని ఉండి, మీ వాకిలి 400 చదరపు అడుగులైతే ఒక కోటుకు పది లీటర్లు పట్టాలి. ఖాళీ డబ్బాలు లెక్కపెడితే ఎంత పోశాడో తెలిసిపోతుంది, పారేయకండి. సున్నం అన్ని పేవర్లలో సమంగా ఉంటే అది పేవర్ స్వభావం, ఆగకుండా సీలర్ కొట్టించుకున్నవాళ్లకూ అందులో వాటా ఉంది. ఒకే వైపు, ఒకే గుంటలో ఉంటే పరిచినవాడి లెవెల్ తప్పు.

నీళ్లు నిలిచే మూలలోనే మళ్లీ మళ్లీ వస్తోంది.

అక్కడ ఎంత కడిగినా, ఎన్ని కోట్లు కొట్టినా లాభం లేదు. నీళ్లు ఆగినంత కాలం సున్నం పైకి వస్తూనే ఉంటుంది. వాకిలికి పది అడుగులకు రెండు అంగుళాల వాలు ఉండాలి, మోరీ వైపు. చల్క నేల అయితే నీళ్లు కిందికి దిగుతాయి. నల్లరేగడి అయితే పట్టుకుని కూర్చుంటుంది, ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. రేగడి మీద గట్టి కంకర పొర వేసి రోలర్ తిప్పకుండా డస్ట్ మీదే పేవర్లు పరిస్తే రెండు వానాకాలాల్లో గుంట పడుతుంది. ఇక కొందరు మేస్త్రీలు గట్టిగా ఉంటుందని పేవర్ల కింద సిమెంట్ మాలు పరుస్తారు. నీళ్లు దిగే దారి మూసుకుపోతుంది, పైగా ఆ మాలులోంచి కూడా సున్నం వస్తుంది. ఆ మూల పేవర్లు లేపి, లెవెల్ సరిచేసి, మళ్లీ పరవండి. పేవర్ల సుఖమే అది, పగలగొట్టకుండా లేపొచ్చు.

జాయింట్లలో పాలిమర్ ఇసుక వేశాం, ఆ రోజు నుంచే తెల్లగా ఉంది.

మన దగ్గర తక్కువ మంది వేస్తారు గానీ అడిగారు కాబట్టి: ఆ ఇసుకలోని జిగురు పొడిని పూర్తిగా ఊడ్చకుండా నీళ్లు చల్లితే పేవర్ మీద పలచగా అంటుకుంటుంది. సీలర్ ఇంకా కొట్టకపోతే వేడి నీళ్లు, గట్టి బ్రష్. కొట్టేసి ఉంటే సీలర్ తీయకుండా అది రాదు.

తాండూరు బండలకూ ఇవే మందులా?

కాదు. తాండూరు బండ సున్నపురాయి జాతి. యాసిడ్, వెనిగర్, నిమ్మరసం ఏది పడినా బండే కరిగి మెరుపు పోతుంది. దానికి మామూలు సబ్బు నీళ్లు చాలు.

మళ్లీ కొట్టించేటప్పుడు ఏ సీలర్ తీసుకోవాలి?

తడి మెరుపు కావాలంటే పొర కట్టే యాక్రిలిక్ తప్పదు, దాంతో పాటు ఈ పేజీలోని తలనొప్పులూ తప్పవు. మెరుపు అక్కర్లేదు, నీళ్లు తొందరగా ఇంకకుండా ఉంటే చాలనుకుంటే సైలేన్, సైలాక్సేన్ రకం అడగండి. అది పొర కట్టదు, లోపలి రంధ్రాల గోడలకు పడుతుంది, కింది ఆవిరి దారి మూయదు. సున్నం కొంచెం లేచినా పైనే ఉంటుంది, కడుక్కోవచ్చు. నీళ్లు తేలిగ్గా నిలిచే వాకిలికి నేను ఇదే చెబుతాను. చాలామంది మెరుపే కావాలంటారు.

కొత్త పేవర్లకు ఎన్నాళ్లు ఆగాలి? ఏ నెలలో కొట్టించాలి?

రెండు మూడు నెలలు ఆగండి. ఒక వానాకాలం పూర్తిగా తడిసి, లేవాల్సిన సున్నం లేచి, దాన్ని కడిగేశాక కొట్టిస్తే ఇంకా మంచిది. మన వాతావరణానికి నవంబర్ చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా సరైన కాలం. అయితే డిసెంబర్, జనవరిలో మంచు పడుతుంది. పొద్దున పేవర్ మీద మంచు ఆరేదాకా, అంటే తొమ్మిది, పది దాకా ఆగాలి. మధ్యాహ్నం రెండింటికల్లా చివరి కోటు అయిపోవాలి. సాయంత్రం కొడితే రాత్రి మంచు పచ్చి సీలర్ మీద కూర్చుంటుంది, ముఖ్యంగా నీటితో కలిసే రకం తెల్లారేసరికి పాలు విరిగినట్టు ఉంటుంది. మేలో వద్దు. కాలిన పేవర్ మీద సాల్వెంట్ క్షణాల్లో ఎగిరిపోయి బుడగలు మిగులుతాయి, రోలర్ వెనకాల సాలెగూడులా దారాలు లేస్తాయి.

బతుకమ్మకు ముందు కొట్టమని ప్రతి ఏడూ నలుగురైనా అడుగుతారు. పాలిథిన్ ముక్క, టేపు తీసుకుని వెళ్తాను. మరునాడు ఆ ముక్క లేపి లోపలి చుక్కలు వాళ్లకే చూపించి, వాకిలి కడిగించుకోమని చెప్పి వస్తాను.